కార్డు కొనే ముందు ర్యామ్ స్లాట్ చూడండి: ఒక శిక్షణ కేంద్రం కేస్ స్టడీ

ఒక శిక్షణ కేంద్రంలోని డెస్క్‌టాప్‌లన్నింటికీ గ్రాఫిక్స్ కార్డులు వేయించాలన్న ప్రతిపాదన సాంకేతిక పరిశీలన కోసం నా వద్దకు వచ్చింది. ఆటోక్యాడ్, బ్లెండర్ నేర్చుకునే విద్యార్థులు త్రీడీ నమూనాను తిప్పినప్పుడు తెర ఆగి ఆగి కదులుతోందని, వీడియో ఎడిటింగ్ తరగతిలో టైమ్‌లైన్ మీద క్లిప్పులు సాఫీగా నడవడం లేదని, కార్యాలయ సిబ్బంది వాడే కంప్యూటర్లలో రెండో మానిటర్ మీద మౌస్ పాయింటర్ సైతం ఈడ్చుకుంటూ వస్తోందని ఫిర్యాదులు ఉన్నాయి. ఈ మూడింటికీ కలిపి వాళ్లు చెప్పుకున్న కారణం ఒక్కటే, వాటిలో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోవడం. అనుకున్న పరిష్కారం కూడా ఒక్కటే, ప్రతి కంప్యూటర్‌లోనూ ఎన్విడియా చవక కార్డు జీటీ 1030 ఒకటి బిగించడం. పరిశీలన ముగిసేసరికి మూడు ఫిర్యాదులకూ మూడు వేర్వేరు కారణాలు తేలాయి. చివరికి కార్డు అవసరమైనది ఆ కంప్యూటర్లలో కొద్దింటికే, అదీ మొదట అనుకున్న కార్డు కాదు.

ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ మీద ఉన్న చిన్నచూపుకు చారిత్రక కారణం ఉంది. 1999లో ఇంటెల్ తెచ్చిన 810 చిప్‌సెట్ నాటి నుంచి దాదాపు పదేళ్లపాటు ఈ గ్రాఫిక్స్ మదర్‌బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది, తెర మీద బొమ్మ రావడానికి మించి దాని నుంచి ఎవరూ పెద్దగా ఆశించేవారు కాదు. 2010లో అది ప్రాసెసర్ ప్యాకేజీలోకి, 2011లో శాండీ బ్రిడ్జ్‌తో ప్రాసెసర్ ఉన్న సిలికాన్ ముక్క మీదికే చేరింది. అప్పటి నుంచి పరిస్థితి చాలా మారింది గానీ, "ఆన్‌బోర్డ్" అన్న మాటతో పాటు పాత అభిప్రాయం కూడా అలాగే నిలిచిపోయింది.

కేంద్రంలోని కంప్యూటర్లు మూడు రకాలు. క్యాడ్, త్రీడీ తరగతిలో ఏఎండీ రైజెన్ 5 5600జీ ప్రాసెసర్లు ఉన్నాయి. వీడియో తరగతిలో ఇంటెల్ కోర్ ఐ5-12400, దానిలోని యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌తో ఉంది. కార్యాలయంలో మాత్రం కోర్ ఐ5-8500 ఉన్న పాత చిన్న క్యాబినెట్ డెస్క్‌టాప్‌లు, వాటిలో యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్.

త్రీడీ తరగతి: కొరత పడింది చిప్ కాదు, మెమరీ

5600జీలో ఉన్నది వేగా తరానికి చెందిన ఏడు కంప్యూట్ యూనిట్లు, అంటే షేడర్లు అనే చిన్న గణన యూనిట్లు 448, 1900 మెగాహెర్ట్జ్ వరకు నడుస్తాయి. కాగితం మీద లెక్క వేస్తే దీని గణన శక్తి సుమారు 1.7 టెరాఫ్లాప్స్ (సెకనుకు లక్ష కోట్ల లెక్కలు ఒక టెరాఫ్లాప్). కొనాలనుకున్న జీటీ 1030లో ఉన్నవి 384 కోర్లు, వాటి లెక్క సుమారు 1.1 టెరాఫ్లాప్స్. తయారీ సంస్థలు వేరైనప్పుడు టెరాఫ్లాప్స్‌ను నేరుగా పోల్చి తీర్పు చెప్పకూడదన్న మాట నిజమే. అయినా ఇంత తేడా ఉన్నప్పుడు, తక్కువ శక్తి ఉన్న కార్డు ఎక్కువ శక్తి ఉన్న చిప్‌ను ఎలా ఆదుకుంటుందని అడగక తప్పదు.

టాస్క్ మేనేజర్ తెరిచి ఆటోక్యాడ్‌లో షేడెడ్ నమూనాను తిప్పి చూస్తే, ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటూ జీపీయూ (గ్రాఫిక్స్ చిప్)లోని త్రీడీ గ్రాఫ్ మాత్రం పైకప్పును తాకుతూ కనిపించింది. కేంద్రం వారు కార్డు కావాలనడానికి చూపిన ఆధారమూ ఇదే. ఆ గ్రాఫ్ చెప్పేది జీపీయూ తీరిక లేకుండా ఉందని మాత్రమే. అది నిజంగా లెక్కలు చేస్తూ ఉందా, మెమరీ నుంచి డేటా రావడం కోసం ఎదురుచూస్తూ ఉందా అన్న తేడా దానిలో కనబడదు. విడి కార్డుకు తనదైన మెమరీ ఉంటుంది, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు ఉండదు. అది ప్రాసెసర్‌తో పాటు మామూలు ర్యామ్‌నే పంచుకుంటుంది. కాబట్టి అలాంటి కంప్యూటర్‌ను పరీక్షించేటప్పుడు తొలుత అడగవలసింది ర్యామ్ ఎంత ఉందని కాదు, అది ఎంత వేగంగా, ఎన్ని దారుల్లో వస్తోందని.

హార్డ్‌వేర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రాములో మెమరీ ట్యాబ్ తెరిస్తే జవాబు అక్కడే ఉంది. ఛానెళ్ల (డేటా దారుల) వరుసలో ఒకే ఒక 64 బిట్ ఛానెల్, దాని కింద డీర్యామ్ ఫ్రీక్వెన్సీ 1333 మెగాహెర్ట్జ్. డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 1333ను రెట్టింపు చేస్తే 2666 అవుతుంది. అమర్చిన స్టిక్ మీది లేబుల్‌లో ఉన్నది 3200. 16 జీబీ స్టిక్ ఒక్కటే వేశారు, బయోస్‌లో (బోర్డు మూల అమరికల్లో) లేబుల్ వేగాన్ని అమలు చేసే ఎక్స్ఎంపీ ప్రొఫైల్ ఆన్ చేయలేదు, అందువల్ల అది తన కనీస ప్రామాణిక వేగంతో నడుస్తోంది. సెకనుకు 2666 మిలియన్ బదిలీలను ఒక్కోసారికి 8 బైట్ల చొప్పున గుణిస్తే వచ్చేది సెకనుకు సుమారు 21.3 గిగాబైట్లు. ప్రాసెసర్‌లోని ఆరు కోర్లూ, 448 షేడర్లూ కలిసి బతకవలసింది దీని మీదే. ఇది పెద్ద ట్యాంకుకు సన్నని పైపు బిగించినట్లుంది.

ఆటోక్యాడ్ విషయంలో ఈ లెక్కకు ఇంకొక ప్రాధాన్యం ఉంది. ఆటోడెస్క్ తన సిస్టమ్ అవసరాల పట్టికలో గ్రాఫిక్స్ గురించి చెప్పేటప్పుడు మెమరీ పరిమాణంతో ఆగకుండా బ్యాండ్‌విడ్త్‌ను, అంటే మెమరీ నుంచి సెకనుకు అందే డేటాను కూడా అంకెల్లో ఇస్తుంది: కనీసం సెకనుకు 29 గిగాబైట్లు, సిఫారసు చేసేది 106 గిగాబైట్లు. ఇలా స్పష్టంగా చెప్పే సాఫ్ట్‌వేర్ సంస్థలు తక్కువ. ఈ గీతలతో పోల్చితే ఆ తరగతిలోని కంప్యూటర్లు ఉన్న స్థితిలో కనీస గీతను కూడా అందుకోవడం లేదు. లేబుల్ వేగం 3200కు చేర్చినా ఒక్క స్టిక్‌తో 25.6 దగ్గరే ఆగుతాయి. రెండో స్టిక్ వేసి డ్యూయల్ ఛానెల్ (రెండు దారులు) చేస్తే 51.2కు చేరతాయి.

నిర్ధారణ కోసం మార్పులను ఒకేసారి చేయకుండా విడివిడిగా చేశాను. మొదట ఎక్స్ఎంపీ మాత్రమే ఆన్ చేసి అదే నమూనాను అదే విధంగా తిప్పి చూడగా కదలికలో కొద్దిపాటి మెరుగుదల కనిపించింది. చిప్ వేగాన్ని ముట్టుకోకుండా మెమరీ వేగం పెంచినంత మాత్రానే ఫలితం మారిందంటే, కొరత మెమరీదేనని అనుకోవడానికి అదొక మంచి గుర్తు. తరువాత అదే రకం రెండో స్టిక్‌ను వేశాక తేడాను విద్యార్థులు అడగకుండానే గమనించారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్, నాలుగో స్లాట్ వాడాలి. ఖాళీగా కనిపించిన పక్క స్లాట్‌లోనే రెండో స్టిక్‌ను పెడితే రెండూ ఒకే ఛానెల్ కిందికి వచ్చి, ర్యామ్ పరిమాణం రెట్టింపైనా బ్యాండ్‌విడ్త్ అంగుళం కూడా కదలదు. పని అయ్యాక సీపీయూ-జెడ్‌లో 64 బిట్ ఛానెళ్లు రెండు కనిపించాయో లేదో చూసిన తరువాతే క్యాబినెట్ మూత వేయాలి.

బయోస్‌లో గ్రాఫిక్స్‌కు ర్యామ్ కేటాయించే అమరికను 2 జీబీకో 4 జీబీకో పెంచితే వేగం వస్తుందని చాలామంది నమ్ముతారు. అది కేటాయింపే తప్ప వేగం కాదు. డెడికేటెడ్ మెమరీ ఇంత ఉంటే తప్ప తెరుచుకోని కొన్ని ప్రోగ్రాములకు అది అవసరమవుతుంది, అంతకు మించి ప్రయోజనం తక్కువ. మొత్తం ర్యామే 8 జీబీ ఉన్న కంప్యూటర్‌లో అయితే అది నష్టమే.

జీటీ 1030 అనే పేరు కింద రెండు కార్డులు

ప్రతిపాదనతో జతచేసిన కొటేషన్‌లో "జీటీ 1030 2జీబీ" అని మాత్రమే ఉంది, మెమరీ రకం రాయలేదు. నమూనాగా తెప్పించిన కార్డు పెట్టె మీద చిన్న అక్షరాల్లో డీడీఆర్4 అని ఉంది. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం ఆ నాలుగు అక్షరాలే.

2017లో వచ్చిన అసలు జీటీ 1030లో 64 బిట్ దారి మీద గ్రాఫిక్స్ కోసమే చేసిన జీడీడీఆర్5 మెమరీ ఉంటుంది, బ్యాండ్‌విడ్త్ సెకనుకు 48 గిగాబైట్లు. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీ ఉన్న రకం వచ్చింది, దాని బ్యాండ్‌విడ్త్ 16.8 గిగాబైట్లు. అంటే మూడింట ఒక వంతుకు కాస్త ఎక్కువ. మనం బాగాలేదన్న, ఒకే స్టిక్‌తో 2666 వేగం మీద నడుస్తున్న 5600జీకి ఉన్న 21.3 కన్నా కూడా ఇది తక్కువే. ఆటోక్యాడ్ చెప్పిన 29కి చాలా దూరం. ఆ కార్డును ఒక కంప్యూటర్‌లో బిగించి మానిటర్ కేబుల్ కార్డుకే తగిలించి చూస్తే, డ్యూయల్ ఛానెల్‌గా మార్చిన పక్క కంప్యూటర్ కన్నా అది స్పష్టంగా వెనకబడింది. మంచి రకమైన జీడీడీఆర్5 కార్డు తెప్పించినా, డ్యూయల్ ఛానెల్‌లో నడిచే 5600జీని అది దాటిపోదు. పాత ప్రాసెసర్‌తో ఉన్న కంప్యూటర్‌కు ఆ కార్డు మేలు చేయవచ్చు గానీ, ఈ తరగతికి మాత్రం దండగే.

అందువల్ల త్రీడీ తరగతిలో అధిక భాగానికి నా సిఫారసు రెండో ర్యామ్ స్టిక్, ఎక్స్ఎంపీ, అంతే. బ్లెండర్‌లో నమూనాను తుది చిత్రంగా మార్చే సైకిల్స్ రెండరింగ్ నేర్చుకునే విద్యార్థుల సంగతి వేరు. ఎన్విడియా కార్డు ఉంటే సైకిల్స్ ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ మార్గాలైన కుడా, ఆప్టిక్స్‌తో దాన్ని వాడుకుంటుంది, ఈ వేగా గ్రాఫిక్స్‌తో ఆ సౌకర్యం దక్కలేదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతోంది. ఇక్కడ ర్యామ్ పెంచినా లాభం లేదు, కార్డే కావాలి.

ఏ కార్డు అన్నదాని మీద కొంత చర్చ జరిగింది. ఏఎండీ ఆర్ఎక్స్ 6400 పేరు ముందుకు వచ్చింది. 53 వాట్లతో నడుస్తుంది, చిన్న క్యాబినెట్‌లో పడుతుంది, 128 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్ ఉంది. కాగితం మీద చూస్తే బాగుంది. కానీ అది మదర్‌బోర్డుతో మాట్లాడేది నాలుగే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్ల (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా దారుల) మీద. నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉన్న చోట ఆ నాలుగు లేన్లు సెకనుకు దాదాపు 7.9 గిగాబైట్లు మోస్తాయి. 5600జీ మూడో తరానికే పరిమితం కాబట్టి, బోర్డు ఎంత కొత్తదైనా, ఇక్కడ అది 3.9కి పడిపోతుంది. కార్డులోని 4 జీబీ మెమరీ నిండనంతసేపు ఇది పెద్దగా బాధించదు. నిండి, అదనపు టెక్స్‌చర్లను (నమూనా ఉపరితలాలకు అంటించే బొమ్మలను) మామూలు ర్యామ్ నుంచి తెచ్చుకోవలసి వచ్చినప్పుడు ఆ ఇరుకు దారి బయటపడుతుంది. బ్లెండర్ నేర్చుకునే విద్యార్థి టెక్స్‌చర్లతో 4 జీబీ నింపడానికి ఎంతో కాలం పట్టదు.

ఆ కంప్యూటర్ల పవర్ సప్లైలో కార్డుకు ప్రత్యేక కనెక్టర్ లేదు, కాబట్టి స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే సరిపెట్టుకోవాలి. ఈ షరతుకు లోబడి 2024లో వచ్చిన ఆర్టీఎక్స్ 3050 6జీబీ రకాన్ని ఎంచుకున్నాము. అది 70 వాట్ల కార్డు, విడి పవర్ కేబుల్ అక్కర్లేదు, 2304 కోర్లు, 168 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్, ఎనిమిది లేన్లు. మూడో తరం స్లాట్‌లో కూడా ఎనిమిది లేన్లు కాబట్టి దారి ఇరుకు కాదు. 2022లో వచ్చిన 8 జీబీ ఆర్టీఎక్స్ 3050 ఇంతకంటే వేగమైనదే గాని, 130 వాట్లు అడుగుతుంది. పేరు ఒకటే కావడంతో ఇక్కడ కూడా ఆర్డరు పత్రంలో మెమరీ పరిమాణం, వాట్లు రెండూ రాయించాను.

వీడియో తరగతి: కార్డు వేస్తే పోయిన సామర్థ్యం

ఈ తరగతిలో విషయం తలకిందులుగా ఉంది. విద్యార్థులు తెచ్చే వీడియోల్లో అధిక భాగం ఫోన్లలో తీసిన హెచ్ఈవీసీ (బాగా కుదించిన వీడియో) ఫైళ్లు, కొన్ని కెమెరాలతో తీసిన, రంగుల వివరం ఎక్కువగా ఉండే 10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీ ఫైళ్లు. ఈ రెండో రకం ఫైళ్లను హార్డ్‌వేర్‌లో విప్పగల శక్తి ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కే ఉంది. ఎన్విడియా కార్డుల్లో ఆ సౌకర్యం ఆర్టీఎక్స్ 50 వరుసతో గాని రాలేదు. అంటే ఐ5-12400లోని యూహెచ్‌డీ 730 ఒక విషయంలో తనకన్నా ఎన్నో రెట్లు శక్తి గల కార్డులకన్నా ముందుంది.

అయితే టైమ్‌లైన్ ఎందుకు తడబడుతోంది? ప్రీమియర్ ప్రో నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో వీడియో డీకోడ్ గ్రాఫ్ చూస్తే సున్నా దగ్గర గీత గీసినట్లు ఉంది, ప్రాసెసర్ మాత్రం ఊపిరాడకుండా పనిచేస్తోంది. ప్రీమియర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపేసి ఉంది, గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా విండోస్ తనంతట తాను వేసుకున్న పాతదే. డ్రైవర్ మార్చి, ఆ సెట్టింగ్ ఆన్ చేశాక డీకోడ్ గ్రాఫ్ పైకి లేచింది, ప్రాసెసర్ కుదుటపడింది. పైసా ఖర్చు లేదు.

జీటీ 1030ను ఈ కంప్యూటర్‌లో కూడా పెట్టి చూపించమని కేంద్రం వారు కోరారు, నేనూ కాదనలేదు. కార్డు బిగించి బూట్ చేయగానే డివైస్ మేనేజర్ నుంచి యూహెచ్‌డీ 730 మాయమైంది. విడి కార్డు కనబడగానే లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేయడం చాలా బోర్డుల బయోస్‌లో మామూలు అమరిక. దానితో పాటు ఇంటెల్ గ్రాఫిక్స్‌లో వీడియోను విప్పి, కుదించే క్విక్ సింక్ పోయింది, 4:2:2 ఫైళ్లు మళ్లీ ప్రాసెసర్ నెత్తిన పడ్డాయి. జీటీ 1030లో వీడియోను ఎన్‌కోడ్ చేసే ఎన్‌వీఈఎన్‌సీ యూనిట్ లేదు కాబట్టి ఎక్స్‌పోర్ట్ కూడా సాఫ్ట్‌వేర్‌తోనే సాగింది. ఆర్ఎక్స్ 6400లోనూ ఎన్‌కోడర్ ఉండదు. వీడియో పని కోసం చవక కార్డు కొనేవారు ముందుగా చూసుకోవలసిన లోపం ఇదే, పెట్టె మీద మాత్రం ఎక్కడా కనబడదు.

కలర్ కరెక్షన్, నాయిస్ తగ్గించడం వంటి ఎఫెక్టులు ఎక్కువగా వాడే పై స్థాయి తరగతికి కార్డు ఉపయోగపడుతుంది. అక్కడ కూడా ఆర్టీఎక్స్ 3050 6జీబీయే పెట్టించాను, అయితే బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌ను బలవంతంగా ఆన్‌లో ఉంచే అమరిక చేసిన తరువాతే. ఎఫెక్టుల భారం కార్డు మీద, ఫైళ్లను విప్పే భారం యూహెచ్‌డీ 730 మీద పడేలా చూడటమే ఆ ఏర్పాటులో కీలకం. మానిటర్ కేబుల్‌ను పొరపాటున మదర్‌బోర్డుకే తగిలించి, కార్డు పనిచేయడం లేదని అనేవారు ఎక్కడైనా ఉంటారు, అందుకని బోర్డు మీది పోర్టులకు ప్లాస్టిక్ మూతలు పెట్టించాను.

కార్యాలయం: కేబుల్

యూహెచ్‌డీ 630 ఉన్న పాత కంప్యూటర్లకు తగిలించిన రెండో మానిటర్ 4కే రకానిది, తగిలించింది హెచ్‌డీఎమ్ఐ పోర్టుకు. ఆ పోర్టు 1.4 ప్రమాణానిది, 4కేలో సెకనుకు 30 ఫ్రేములకు మించి పంపలేదు. పాయింటర్ ఈడ్చుకురావడానికి అదే కారణం. పక్కనే ఉన్న డిస్‌ప్లేపోర్ట్‌కు కేబుల్ మార్చగానే 60కి చేరింది. ఈ క్యాబినెట్లలో ఏ కార్డు పెట్టాలన్నా సగం ఎత్తు బ్రాకెట్ కావాలి, పైగా ఇంటెల్ ఆర్క్ ఏ380 వంటి కార్డులు పూర్తి వేగంతో నడవాలంటే కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే రీసైజబుల్ బార్ సౌకర్యం ఉండాలి, దాన్ని ఇంటెల్ 10వ తరం నుంచే సూచిస్తుంది. కాబట్టి 8వ తరం ప్రాసెసర్లున్న వీటికి ఆర్క్ జోలికి వెళ్లవద్దని రాసిచ్చాను.

కొత్తగా కొనబోయే వాటి గురించి

వచ్చే విడతలో త్రీడీ తరగతికి కొత్త కంప్యూటర్లు కొంటారని చెప్పడంతో నివేదికలో ఆ భాగం కూడా చేర్చాను. 2024లో వచ్చిన రైజెన్ 7 8700జీలోని రేడియాన్ 780ఎమ్‌లో ఆర్డీఎన్ఏ 3 తరం కంప్యూట్ యూనిట్లు 12 ఉన్నాయి, డీడీఆర్5-5200తో డ్యూయల్ ఛానెల్‌లో బ్యాండ్‌విడ్త్ 83.2 గిగాబైట్లకు చేరుతుంది. 2019 నాటి జీటీఎక్స్ 1650కు 128 గిగాబైట్ల సొంత మెమరీ దారి ఉన్నా, కొన్ని పనుల్లో 780ఎమ్ దాని దరిదాపులకు వస్తుంది. చవక కార్డుల విభాగంలో అడుగు వరుస అనవసరమవుతోందని నేను అనడానికి ఇదే ఆధారం. కార్డు కొంటే లోపలి గ్రాఫిక్స్‌కన్నా రెండు మెట్లు పైదే కొనాలి, ఒక మెట్టు తేడా మెమరీతోనో సెట్టింగ్‌తోనో తీరిపోతుంది.

అదే వరుసలోని 8500జీ విషయంలో జాగ్రత్త అవసరం. దానిలోని 740ఎమ్‌లో కంప్యూట్ యూనిట్లు నాలుగే, విడి కార్డుకు ఇచ్చే లేన్లు కూడా నాలుగే. 8600జీ, 8700జీ ఎనిమిది ఇస్తాయి. ముందు 8500జీతో మొదలుపెట్టి తరువాత కార్డు వేద్దామనుకునేవారికి ఆ తేడా అప్పుడు తెలిసి ప్రయోజనం ఉండదు. డీడీఆర్5లో మరో చిక్కు ఉంది. ఒక్కో స్టిక్ లోపలే 32 బిట్ దారులు రెండు ఉంటాయి కాబట్టి, ఒకే స్టిక్ వేసినా సీపీయూ-జెడ్ రెండు ఛానెళ్లు చూపిస్తుంది. పాత అలవాటుతో అది చూసి డ్యూయల్ ఛానెల్ అయిపోయిందని అనుకోకూడదు, 32 బిట్ ఛానెళ్లు నాలుగు కనిపించాలి.

నమూనాగా తెప్పించిన డీడీఆర్4 జీటీ 1030ని తిరిగి పంపవద్దనే చెప్పాను. స్టోర్‌లో మూలన పడి ఉన్న ఒక ఐ5-12400ఎఫ్ కంప్యూటర్‌లో లోపలి గ్రాఫిక్స్ అసలు లేవు, పేరు చివర ఎఫ్ అక్షరానికి అర్థం అదే. కార్డు లేనిదే దాని తెర మీద ఏదీ రాదు. హాజరు, ఫీజుల రిజిస్టర్ పని కోసం ఆ కార్డును అందులో బిగించాము.